చలికాలపు టమాటాలో రుచి ఏమైనది?

డిసెంబరు, జనవరి మాసములలో అమెరికాయందలి బిడ్డల యింట కొంతకాలముండి వచ్చిన మన పెద్దలు, అక్కడి మంచును గూర్చియు, రహదారులను గూర్చియు చెప్పవలసినదంతయు చెప్పిన పిమ్మట, తరచు అడుగు ప్రశ్న యొకటి కలదు: మచ్చ యన్నది లేక, ఒకే యెరుపుతో, ఒకే గుండ్రదనముతో నిగనిగలాడు ఆ టమాటాలు, పప్పులో వేసినను చారులో వేసినను నీరెక్కువైనట్లుండుటయే గాని, టమాటా పడిన జాడ తెలియకుండుటకు కారణమేమి? ఈ ఫిర్యాదు మనవారిది మాత్రమే కాదు; చలికాలపు టమాటాను ఆడిపోసికొనుట అమెరికనులకును ఎంతో కాలముగా అలవాటే.

మనకు ఆశ్చర్యము మరింత యెక్కువగా కలుగుటకు ఒక హేతువున్నది. తెలుగునాట టమాటా మొక్కకు చలికాలము శత్రువు కాదు, మిత్రము. పగటి యెండ మాడ్చివేయక, రాత్రులు చల్లబడు ఆ దినములలో పూత నిలుచును, పిందె దిగును; పత్తికొండ వంటి అంగళ్లకు కాయ రాసులుగా వచ్చి, కోత కూలియైనను గిట్టక రైతు తల పట్టుకొనునదియు తరచు అప్పుడే. ఎండలు ముదిరి రాత్రులు సైతము వేడెక్కినపుడు మాత్రమే పూత రాలి, కాయ తగ్గి, తరువాతి నెలలలో ధర ఆకసమునంటును. షికాగోలోను న్యూజెర్సీలోను సంగతి తలక్రిందులు. ఆగస్టు నెలలో పెరటి మొక్కకు పండిన టమాటా అక్కడను అమృతప్రాయమే. జనవరిలో నేల గడ్డకట్టియుండగా ఆ పెరటిలో గడ్డిపోచయైనను మొలవదు.

అయినను అంగడి అరలు ఖాళీగా నుండవు. అప్పుడు అక్కడ కనుపించు టమాటాలు ముఖ్యముగా మూడు చోటులనుండి వచ్చును: ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణభాగమందలి ఇసుక నేలలనుండి కొన్ని, మెక్సికో దేశములోని సినలోవా ప్రాంతమునుండి అరిజోనాలోని నోగాలెస్ దారిగా కొన్ని, కెనడాలో ఈరీ సరస్సు చెంతనున్న లెమింగ్టన్ పట్టణపు గాజుతోటలనుండి కొన్ని. ఒకే అరలో ప్రక్కప్రక్కన కూర్చున్నను వీని చరిత్రలు వేరు. ఎరుపు ఒకటి, పక్వత ఒకటి, రుచి మరియొకటి యనియు, మొదటిది కంటికి కనబడినంత మాత్రమున తక్కిన రెండును వెంట వచ్చినవని నమ్మరాదనియు తెలిసికొన్నచో, ఆ చరిత్రలను కాయమీదనే కొంతవరకు చదువుకొనవచ్చును.

నాలుకకు తెలియునది కొంత, ముక్కునకు తెలియునది కొంత

టమాటా పండును విశ్లేషించి చూచినచో, నూటికి 94 పాళ్లవరకు నీరే. గ్లూకోజు, ఫ్రక్టోజు అను చక్కెరలు 2 లేక 3 పాళ్లు. సిట్రికామ్లము, మాలికామ్లము కలిసి అర పాలునకు అటునిటు. ఇంత కొద్ది సరకులోనే పండు తీపి, పులుపు ఇమిడియున్నవి. ఇవిగాక, మాంసపు పులుసులకును పుట్టగొడుగులకును నిండుదనము నిచ్చు గ్లుటమేటు అను పదార్థమును టమాటాలో దండిగా నుండును. అది బయటి కండలో కంటె గింజల చుట్టునుండు జిగురు గుజ్జులో ఎక్కువగా నున్నదని ఇంగ్లండులోని రెడింగు విశ్వవిద్యాలయమువారు 2007లో పరీక్షించి చూపిరి. గింజలను, గుజ్జును తీసివేసి కండను మాత్రమే వాడు వంటవారు రుచిలో మంచి భాగమును చేతులార పారవేయుచున్నారన్న మాట.

కాని నాలుక తెలుపగలిగినది ఇంతవరకే. ముక్కును వ్రేళ్లతో గట్టిగా మూసికొని, మంచి పండు ముక్కనొకదానిని నమలి చూడుడు: కొంచెము పులుపు, కొంచెము తీపి, తడి, ఇంతకు మించి యేమియు తెలియదు. నమలుచునే ముక్కును వదలుడు; ఒక్క క్షణములో అది టమాటాయై నిలుచును. నోటిలో నలిగిన ముక్కనుండి ఆవిరిగా లేచి, గొంతు వెనుకనుండి ముక్కునకు ప్రాకు ద్రవ్యములే ఈ మార్పునకు కారణము. వీనిని ఎగిరెడు ద్రవ్యములని పిలుచుకొందము. టమాటాలో ఇట్టివి 400కు పైగా గుర్తింపబడినవి. అందు మనకు రుచిగా తోచుటకు తోడ్పడునవి రెండు మూడు పదులు మాత్రమే.

చారు కాచు ఇల్లాలికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. చింతపండు, ఉప్పు, బెల్లపు ముక్క అన్నియు సరిగా పడి చారు మరిగినను, పోపు పెట్టువరకు అది చారనిపించుకొనదు. చిటికెడు ఇంగువ, నాలుగు ఆవాలు, రెండు కరివేపాకు రెబ్బలు, తూకమునకు రానంతటి సరకు, నేతిలో చిటపటలాడి అందులో పడినపుడే వీథివరకు తెలియును. టమాటాలో చక్కెరయు, ఆమ్లమును చారైనచో, ఎగిరెడు ద్రవ్యములు పోపు. వీనిలో ఒకటియగు బీటా-అయొనోను నూరుకోట్ల పాళ్ల నీటిలో ఒక పాలునకు ఎంతో తక్కువగా నున్నను మన ముక్కు పసిగట్టగలదు.

ఈ పోపు ఎక్కడనుండి వచ్చుచున్నది? కొన్ని ద్రవ్యములు కాయలోని క్రొవ్వులు విరుగుటవలన, అదియు కత్తి తగిలి కణములు చిట్లిన క్షణములోనే, పుట్టును. కోసినంతనే ముక్కునకు తగులు ఆ లేత పసరువాసన వీనిదే. కొన్ని మాంసకృత్తులకు మూలమైన ఎమినో ఆమ్లములనుండి పుట్టును. గులాబి పరిమళమునకు కారణమైన ద్రవ్యమే వీనిలో నొకటి. మిగిలినవి ఎరుపు, పసుపు వర్ణకములు విరుగుటచే వచ్చును. బీటా-అయొనోను ఈ జాతిదే. పండు పక్వమగుకొలది ఈ మూడు కార్యములును సాగును గాని, వానికి ముడిసరకు ముందే చేరియుండవలెను. ఆ ముడిసరకు ఆకునుండియు, ఎండనుండియు రావలసినదే.

పచ్చికాయ ఎర్రబడు విధము

ఫ్లోరిడాలో ఇమ్మోకలీ పరిసరములందలి తోటలు అక్టోబరునుండి జూన్ వరకు కాపు నిచ్చును. అచటి నేల సత్తువలేని ఇసుక. ఎత్తు మడులు కట్టి, ప్లాస్టిక్ పట్టాలు కప్పి, వాని క్రింద నీరును ఎరువును అందించి పైరు తీయుదురు. అచటినుండి షికాగోకు 2,000 కిలోమీటర్లకు పైబడిన దారి. ఎర్రగా పండిన టమాటా ఆ కుదుపులకు ఓర్వదు గనుక, కాయ పచ్చిగా, రాయివలె గట్టిగా నున్నపుడే కోయుదురు. వ్యాపారులు కాయ రంగును ఆరు మెట్లుగా విభజింతురు. పచ్చి మొదటిది, అడుగున తెలుపు విరిగి దోర తిరుగుట రెండవది, నిండు ఎరుపు ఆరవది. దూరప్రయాణమునకు ఉద్దేశింపబడినది మొదటి మెట్టునందే చెట్టును విడుచును.

ఇక్కడనే ఒక చిక్కున్నది. పచ్చికాయలలో ముదిరినవియు, లేతవియు నుండును. బయటికి రెండును ఒకే తీరుగా కనబడును. భేదము కోసి చూచిననే తెలియును: పదునైన కత్తితో అడ్డముగా కోసినపుడు, ముదురు కాయలో గింజల చుట్టు జిగురు పట్టియుండుటచే గింజలు కత్తికి దొరకక ప్రక్కకు జారును; లేత కాయలో జిగురింకను ఏర్పడక గింజలు రెండుగా తెగును. తోటలో ప్రతి కాయను కోసి చూచుట పొసగదు గనుక, కూలీలు పరిమాణమును బట్టి కోయుదురు; ముదురు కాయలతో పాటు కొన్ని లేతవియు పెట్టెలలో చేరును.

ఈ పెట్టెలను 20 డిగ్రీల సెల్సియస్ ప్రాంతపు వెచ్చదనము గల గదులలో నుంచి, పది లక్షల పాళ్ల గాలికి 100 మొదలు 150 పాళ్ల మేర ఎథిలీన్ అను వాయువును వదలుదురు. రెండు మూడు దినములలో కాయ రంగు తిరుగ నారంభించును. ఇది వినగానే మనకు కార్బైడు మామిడి జ్ఞప్తికి వచ్చుట సహజమే గాని, రెండును ఒకటి కావు. కార్బైడునుండి వెలువడునది ఎసిటిలీను. దానితో విషపదార్థములును వచ్చు ప్రమాదమున్నందున మన దేశములో అది నిషిద్ధము. ఎథిలీను పండు తనంతట తానే పుట్టించుకొను వాయువు. పక్వమగు ఫలములనుండి అది వెలువడునని ఇంగ్లండులో గేన్ అను శాస్త్రజ్ఞుడు 1934లోనే నిరూపించెను. పండ్లను మాగబెట్టుటకు మన ప్రభుత్వమును పది లక్షలకు 100 పాళ్ల వరకు దానిని అనుమతించుచున్నది. లోపము ఎథిలీనులో లేదు. దాని చేతికి చిక్కిన కాయలో ఉన్నది.

మామిడికాయను గడ్డిలో మాగవేసిన తీపెక్కుచున్నది గదా, టమాటాకు మాత్రము ఏల ఎక్కదు? ముదిరిన మామిడిలోను, అరటిలోను పిండిపదార్థము నిలువయుండును. మాగునపుడు అది చక్కెరగా మారును. టమాటాలో అట్టి నిలువ మిక్కిలి స్వల్పము. ఆకులు తయారుచేసిన చక్కెర తొడిమగుండ ఏ దినమున కా దినము అందవలసినదే. తొడిమ తెగిన దినముననే ఆ రాబడియు తెగినది. అటుపిమ్మట ఎథిలీను ఎరుపును తేగలదు, మెత్తదనమును తేగలదు. లేని చక్కెరను తేజాలదు. ముదిరిన పచ్చికాయ ఇట్లు మాగి కొంతవరకైనను తినదగియుండును. లేత కాయ ఎర్రబడును గాని పండనే పండదు. దోర తిరిగిన పిమ్మట కోసిన కాయ సంగతి వేరు. అప్పటికి చెట్టునుండి పొందవలసినదానిలో అధికభాగము పొందియే యున్నందున, దానిని ఇంటిలో మాగవేసినను చెట్టున పండినదానికి దగ్గరగా నుండును.

విత్తనముననే జరిగిన నష్టము

నేరమంతయు కోతమీదను, గదిమీదను మోపుటయు న్యాయము కాదు. చలికాలపు కాయను చెట్టుననే పండనిచ్చినను, పూర్వపు నాటు టమాటాకు అది సాటిరాదు. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున అమెరికా వంగడకారుల కంట ఒక మొక్క పడినది. తక్కిన మొక్కల కాయలకు పచ్చిగా నున్నపుడు తొడిమ చుట్టును ముదురాకుపచ్చ పట్టీ యుండగా, దీని కాయ అంతటను ఒకే లేతవన్నె గలిగి, పండినపుడు అంతటను ఒకే యెరుపుగా మారినది. కోతకు అనువు, చూపునకు అందము. ఆ గుణమును అనేక వాణిజ్య వంగడములలో చొప్పించిరి. ఆ పచ్చపట్టీతో పాటు ఏమి పోయినదో 2012లో గాని తెలియలేదు. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయపు ఏన్ పవెల్, ఆమె సహచరులును పరిశోధించి, ఆ పట్టీకి కారణమైన జన్యువు కాయలోని హరితరేణువులను వృద్ధిపరచునదనియు, అది చెడినందున కాయ తనంతట తాను ఎండనుండి చేసికొను చక్కెర తగ్గినదనియు ప్రకటించిరి. అందమునకై విడిచిన పచ్చదనమే తీపిలో కొంత భాగమై యుండెను.

రెండవ నష్టము దిగుబడివలన. వాణిజ్యపు మొక్క పొట్టిగా పెరిగి, పెద్ద పెద్ద కాయలను ఒక్కసారిగా కాచునట్లు తీర్చబడినది. ఆకులు కొన్ని, కాయలు పెక్కు. ఉన్న చక్కెర అందరికిని చాలక, లోటు నీటితో నిండును. చిన్న కాయల వంగడములలో తీపి చిక్కగా నుండుటకును, పెద్ద కాయలలో పలుచనగుటకును ఇదియొక ముఖ్యకారణము.

మూడవది పోపునకు సంబంధించినది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు హ్యారీ క్లీ, డెనీస్ టీమన్, తమ అంతర్జాతీయ సహచరులతో కూడి, నాటు, వాణిజ్య, అడవి రకములు 398టి జన్యువులను పఠించి, వానిలో అనేకమును జనులచేత రుచి చూపించి, 2017లో ఫలితములను వెల్లడించిరి. రుచికి ముఖ్యమైన ఎగిరెడు ద్రవ్యములలో 13 ఆధునిక వంగడములలో తగ్గిపోయినవని తేలినది. ఎవ్వరును వానిని బుద్ధిపూర్వకముగా తొలగింపలేదు. దిగుబడి, గట్టిదనము, తెగుళ్లకు ఓర్పు అను గుణములకై తరతరములుగా మొక్కల నేరుకొనుచు, రుచిని ఎవ్వరును కొలువకుండుటచే అది మెల్లగా జారిపోయినది.

కొలువకుండుటకు కారణము లేకపోలేదు. రైతునకు సొమ్ము ముట్టునది బరువునకును పరిమాణమునకును. ఫ్లోరిడా టమాటాలకు ఒక సంఘమున్నది. చలికాలమున ఆ ప్రాంతము దాటు కాయలకు అది పరిమాణము, ఆకారము నిర్ణయించును. అగ్లీరైప్ అను పేర, ముడుతలు పడి వంకరటింకరగా నుండి రుచికి పేరొందిన ఒక రకమును, ఆకారము కుదురలేదను కారణముచే ఆ సంఘము కొన్ని యేండ్లు బయటికి పోనీయలేదు. 2007లో అమెరికా వ్యవసాయశాఖ మినహాయింపు నిచ్చిన పిమ్మటనే దానికి దారి దొరికినది. గుండ్రదనమునకు నియమమున్నది, రుచికి లేదు.

చలిపెట్టె చేయు కీడు

ఇన్ని గండములు గడచి మంచి పండే యింటికి చేరినదనుకొందము. దానిని తిన్నగా ఫ్రిజ్జులో పెట్టుట మనలో పెక్కుర కలవాటు. ఉష్ణమండలపు సంతతియగు టమాటాకు 12 డిగ్రీల సెల్సియస్ కన్న తక్కువ చలి సరిపడదు. క్లీ, టీమన్ బృందమే 2016లో చూపిన ప్రకారము, 5 డిగ్రీల చలిలో ఒక వారముంచిన పండులో చక్కెరయు, ఆమ్లమును చెక్కుచెదరలేదు. పరిమళద్రవ్యములు మాత్రము పడిపోయినవి. వానిని తయారుచేయు జన్యువులమీద మిథైల్ అను రసాయనపు ముద్రలు పడి అవి మూగవోయినవి. పండును మరల వెచ్చని చోట ఉంచినను పూర్వపు పరిమళము రాలేదు. ఒకటి లేక మూడు దినములు మాత్రమే చలిలోనుంచిన పండ్లకు అట్టి నష్టము కలుగలేదు. పోపు వాసన పోయిన చారును ఎంత వేడిచేసినను ఆ వాసన తిరిగి రానట్లే యిదియు.

కావున పండును వంటింటి గట్టుమీదనే, తొడిమభాగము క్రిందికి వచ్చునట్లుంచుట మేలు. టమాటా తోలునకు గాలి చొరబడు రంధ్రములు లేవు. తేమ పోవుటయు, గాలి ఆడుటయు చాలవరకు తొడిమ ఊడిన మచ్చగుండనే. మిక్కిలి మెత్తబడి కుళ్లునను భయమున్నచో ఒకటి రెండు దినములు ఫ్రిజ్జులో నుంచి, తినుటకు ముందు బయట పెట్టి చలి విడువనిండు. చల్లని ముక్కనుండి ఆవిరి సరిగా లేవదు.

అంగడిలో ఏమి చూడవలెను?

ఇంతవరకు చెప్పినదానిని అంగడిలో ఆచరణకు దెచ్చుట కష్టము కాదు. మొదట పరిమాణము: చలికాలమున చిన్నదే మేలు. చెర్రీ టమాటాలు, ద్రాక్షపండ్లవలె కోలగా నుండు గ్రేప్ టమాటాలు సాధారణముగా పెద్దవానికంటె తియ్యగా నుండును. చిన్నవానికిని పెద్దవానికిని నడుమనుండునది కంపారి అను రకము. హాలండులోని ఎంజా జాడెన్ విత్తనసంస్థ సృష్టి. తీపి, పులుపు రెండును సమముగా నుండి, పచ్చిగా తినుటకు తగినది.

రెండవది జన్మస్థానము. పెట్టెమీది చీటీలో దేశమునో ప్రాంతమునో వ్రాయుదురు. లెమింగ్టన్ వంటి చోట్ల గాజుకప్పుల క్రింద, చలికాలపు వెలుతురు చాలక దీపములు పెట్టి పండించిన కాయ, దగ్గరి నగరములకే పోవలసినది గనుక, రంగెక్కిన పిమ్మటనే కోయుటకు వీలున్నది. అయితే డిసెంబరు, జనవరులలో ఆ అక్షాంశమున సూర్యరశ్మి మిక్కిలి తక్కువ. దీపములు దానిని కొంతవరకే పూరింపగలవు. అచటి కాయయే మార్చి, ఏప్రిల్ నెలలలో ఇంకను మేలుగా నుండుట సహజము. సినలోవా కాయలకు ఎండ లోటు లేదు. వానిలో దోర తిరిగిన పిమ్మట కోసినవియు వచ్చును.

మూడవది వాసన, అందును ఏ వాసనయో తెలిసికొనుట ముఖ్యము. గుత్తి తొడిమతో అమ్ము టమాటాలను ముక్కు దగ్గరకు తీసికొన్నపుడు ఘాటుగా తగులు పరిమళము పండుది కాదు, ఆ పచ్చతొడిమమీది నూగుది. మంచి పండును దాచిపెట్టునదియు, చెడ్డ పండును మెప్పించునదియు అదే. తొడిమను తప్పించి, అది ఊడిన మచ్చ దగ్గర వాసన చూడుడు. అక్కడ ఏమియు తెలియనిచో పండులోను పెద్దగా ఏమియు లేదు. పరిమాణమునకు తగిన బరువుండుట, పై యెరుపు లోతుగా నుండుట, నొక్కినపుడు రాయివలె గాక కొంచెము లొంగుట మంచి గుర్తులు. చల్లని గాలి కొట్టుచుండు అరలో పెట్టిన టమాటాలను విడిచివేయుటయే యుక్తము.

కట్టకడకు, వండుటకు కావలసినచో పచ్చి టమాటాకై అలమటింపనక్కరలేదు. డబ్బాలలో నింపు టమాటాలు అధికముగా కాలిఫోర్నియాలో ఎండకాలమున చెట్టుననే ఎర్రబడి, కోసిన కొన్ని గంటలలో కర్మాగారము చేరినవి. వానికి గట్టిదనము, అందము అక్కరలేదు గనుక పక్వతను త్యజింపవలసిన యగత్యము పట్టలేదు. వేడిచేయుటచే పసరువాసన కొంత పోవునన్నది నిజమే. పప్పునకును, పులుసునకును, పచ్చడికిని మన మెట్లును దానిని ఉడికింతుము, కొంచెము చింతపండు జోడింతుము గనుక ఆ లోటు లెక్కలోనికి రాదు. చిన్న టమాటాలకు పౌను ధర ఎక్కువ; పెద్దవానిని సంచినిండ కొనుటకు బదులు, పచ్చిముక్కలకు గుప్పెడు చిన్నవి, కుండకు రెండు డబ్బాలు కొన్నచో, ఖర్చు దాదాపుగా సరిపోవును; రుచి మాత్రము మనకు దక్కును.